గెలవలేని వారు పోటీ చేయకూడదా?

ఎన్నికల ప్రకటన వెలువడిన మరునాటి నుంచే మన మొహల్లాలలో ఒక మాట వినబడడం మొదలవుతుంది: "ఓటు చీలనివ్వకండి." పెద్ద పార్టీల నాయకులు ఈ మాట చెబుతారు. వారి తరఫున వచ్చే మన పెద్దలూ చెబుతారు. మనకు చెప్పే ఈ మాటనే ఎర్రజెండా పట్టిన చిన్న పార్టీలకు మరికొంత కటువుగా చెబుతారు. "గెలవలేనప్పుడు ఎందుకు నిలబడుతున్నారు? మీరు తెచ్చుకునే వెయ్యి, రెండు వేల ఓట్లతో మతతత్వ పార్టీ నెత్తిన పాలు పోసినవారవుతారు కదా?" అని నిలదీస్తారు.

చిన్న సోషలిస్టు, కమ్యూనిస్టు పార్టీలు ఎన్నికల బరిలో దిగాలా వద్దా అన్నది ఆ పార్టీల అంతర్గత విషయమని, ముస్లిం సమాజానికి దానితో పని లేదని కొందరు పాఠకులు భావించవచ్చు. మేము అలా భావించడం లేదు. ఆ ప్రశ్నకు చెప్పే సమాధానం మన ఓటు విలువను కూడా నిర్ణయిస్తుంది. ఇదే పుటలో గతంలో మేము సైతం "లౌకిక ఓట్లు చీలరాదు" అని ఒక్క వాక్యంలో తేల్చివేసిన సందర్భాలున్నాయి. ఆ వాక్యం తప్పని ఈనాడు అనడం లేదు. అయితే అది సగం మాట మాత్రమే. మిగిలిన సగం చెప్పవలసిన బాధ్యత మాపై ఉంది.

ఈ వాదం తెలుగు నేలకు కొత్తది కాదు. తెలంగాణ సాయుధ పోరాటాన్ని 1951లో విరమించిన కమ్యూనిస్టులు కొద్ది నెలలకే తొలి సార్వత్రిక ఎన్నికలను ఎదుర్కొన్నారు. హైదరాబాదు రాష్ట్రంలో పార్టీపై నిషేధం ఉన్నందున పీపుల్స్ డెమొక్రటిక్ ఫ్రంట్ పేరుతో నిలబడ్డారు. నల్లగొండ నుంచి రావి నారాయణరెడ్డి పండిట్ నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో లోక్‌సభకు ఎన్నికయ్యారు. నగరంలో పోటీ చేసి ఓడిపోయిన మఖ్దూం మొహియుద్దీన్‌ను అదే సంవత్సరం హుజూర్‌నగర్ ప్రజలు ఉప ఎన్నికలో శాసనసభకు పంపారు. ఉర్దూ కవి, మెదక్ జిల్లాలో పుట్టిన ముస్లిం అయిన ఆయనను తెలుగు మాట్లాడే రైతులు తమ ప్రతినిధిగా ఎన్నుకున్నారు. విసునూరు దేశముఖ్‌ను న్యాయస్థానంలో ఎదిరించి ప్రాణాలు కోల్పోయిన షేక్ బందగీని తమ వాడిగా తలచుకునే నేల అది. అక్కడ ఓటు వేసేనాటికి ప్రజలకూ పార్టీకీ మధ్య పదేళ్ల కష్టసుఖాల సంబంధం ఉంది. ఆ పోటీకి బలం అక్కడి నుంచే వచ్చింది.

తరువాతి కాలంలో ఎదురు వాదనా బలంగానే వినిపించింది. శాసనసభ వలన పేదలకు ఒరిగేదేమీ లేదన్న నిర్ణయానికి వచ్చిన తరిమెల నాగిరెడ్డి 1969లో తన సభ్యత్వానికి రాజీనామా చేశారు. నక్సల్బరీ అనంతరం అనేక బృందాలు ఎన్నికల బహిష్కరణనే మార్గంగా ఎంచుకున్నాయి. అదే సంప్రదాయం నుంచి వచ్చిన మరికొందరు తిరిగి పోటీకి దిగారు. ఇల్లందు నుంచి గుమ్మడి నర్సయ్య 1983 మొదలుకొని ఐదు పర్యాయాలు శాసనసభకు గెలిచారు. సైకిల్ మీద అసెంబ్లీకి వెళ్లిన సభ్యుడిగా ఆయనను నేటికీ చెప్పుకుంటారు. ఆ సైకిల్ కంటే మాకు ముఖ్యంగా తోచేది వేరొకటి ఉంది. పోడు భూమి, తునికాకు రేటు, అటవీ అధికారుల వేధింపు వంటి విషయాలు సభలో మాట్లాడే మనిషి ఒక్కడున్నా అవి సభా కార్యక్రమాలలో నమోదవుతాయి, మంత్రి లేచి జవాబు చెప్పవలసి వస్తుంది, జిల్లా అధికారి ఫోను ఎత్తవలసి వస్తుంది. ఒక్క స్థానం గల చిన్న పార్టీ ప్రభుత్వాన్ని మార్చలేదు. ఒక తాలూకాలోని పేదవాడిని అధికారి కూర్చోబెట్టి మాట్లాడేటట్లు మాత్రం చేయగలదు.

ఆ రోజులు గడిచిపోయాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1994లో తెలుగుదేశంతో పొత్తులో సీపీఐ 19, సీపీఎం 15 స్థానాలు గెలిచాయి. 2004లో కాంగ్రెస్‌తో కలిసి అవి గెలిచినవి 6, 9. 2009లో మిగిలినవి 4, 1. విభజన తరువాత ఆంధ్రప్రదేశ్‌లో 2014, 2019, 2024 ఎన్నికలలో వామపక్షాలకు ఒక్క స్థానమూ దక్కలేదు. తెలంగాణలో 2014లో రెండు, 2018లో సున్న, 2023లో ఒకటి. ఒకనాడు ప్రధాన ప్రతిపక్షంగా నిలిచిన పార్టీలే నేడు చిన్న పార్టీల వరుసలోకి చేరాయి. న్యూడెమోక్రసీ, ఎంసీపీఐ వంటి వాటి స్థితి మరింత క్లిష్టం. అందుచేత "పోటీ ఎందుకు?" అన్న ప్రశ్న నేడు వీరందరికీ వర్తిస్తుంది.

పోటీ వద్దనే వారి వాదనలను తేలికగా తీసివేయలేము. ఇందులో మొదటిది మన ప్రాణాలకు, ఆస్తులకు సంబంధించినది. మన దేశంలో ఎక్కువ ఓట్లు వచ్చిన వారే విజేత. సగం మంది ఆమోదం అవసరం లేదు. 2014లో బీజేపీకి దేశవ్యాప్తంగా వచ్చిన ఓట్లు 31 శాతం, స్థానాలు 282. ఇటువంటి పద్ధతిలో వ్యతిరేక ఓటు ముక్కలైతే ఏమి జరుగుతుందో బుల్డోజర్లు నడిచిన వీధులలోని వారికి ఎవరూ చెప్పనవసరం లేదు. ఓటమిని సిద్ధాంత విజయంగా చెప్పుకుని తృప్తి పడే అవకాశం పార్టీకి ఉంటుంది, ఆ ఓటమి ఫలితాన్ని ఐదేళ్లపాటు మోయవలసిన కుటుంబానికి ఉండదు.

రెండవది డబ్బు. శాసనసభ అభ్యర్థి చట్టప్రకారం 40 లక్షల రూపాయల దాకా వ్యయం చేయవచ్చు. పార్టీ చేసే వ్యయానికైతే పరిమితే లేదు. హమాలీల చందాలతో, బీడీ కార్మికుల రూపాయలతో నడిచే పార్టీ ఆ పోటీకి తట్టుకోలేదు. చెల్లిన ఓట్లలో ఆరవ వంతు దాటకపోతే 10 వేల రూపాయల ధరావతు కూడా తిరిగిరాదు. ఒకే ఎన్నికలో ముప్పై, నలభై చోట్ల ధరావతు గల్లంతయితే కార్యకర్తల మనసు విరుగుతుంది. "వీరి బలం ఇంతే" అని అధికారులకూ ఆసాములకూ తెలిసిపోతుంది. మరునాడు ధర్నాకు కూర్చుంటే ఆ లెక్కే ముఖాన కొడతారు.

మూడవది మరింత చేదు నిజం. చిన్న పార్టీల ఎన్నికల గుర్తులు అద్దెకు పోతున్నాయి. 2018లో రామగుండం నుంచి ఫార్వర్డ్ బ్లాక్ సింహం గుర్తుపై గెలిచిన అభ్యర్థి కొద్ది కాలానికే అధికార టీఆర్ఎస్‌లో చేరిపోయారు. నేతాజీ స్థాపించిన సోషలిస్టు పార్టీ బి-ఫారం పెద్ద పార్టీలో టిక్కెట్టు దొరకని వారికి ఆపద్ధర్మంగా మారింది. సిద్ధాంతం లేని పోటీకి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ అవసరం లేదు.

అయినప్పటికీ పోటీయే వద్దనడం సరైన ముగింపు కాదని మేము భావిస్తున్నాము. అందుకు కారణాలు ఇవి.

ఓట్లను చీల్చేది ఎప్పుడూ చిన్న పార్టీయేనన్న ఆరోపణను వాస్తవాలతో సరిచూడాలి. 2023 తెలంగాణ ఎన్నికలలో నిజామాబాద్ అర్బన్ స్థానాన్ని బీజేపీ గెలుచుకుంది. కాంగ్రెస్ తరఫున నిలిచిన షబ్బీర్ అలీ రెండవ స్థానంలో, బీఆర్ఎస్ మూడవ స్థానంలో నిలిచాయి. ముస్లిం ఓటర్లు పెద్ద సంఖ్యలో ఉన్న ఆ నగరంలో బీజేపీయేతర ఓటును పంచుకున్నవి రెండు పెద్ద పార్టీలు. వాటిలో ఏ ఒక్కటీ రెండవదాని కోసం తప్పుకోలేదు. తప్పుకోవలసిందని వాటిని ఎవరూ అడగలేదు కూడా. త్యాగం చేయవలసిన బాధ్యత చిన్నవారికి మాత్రమే ఉంటుందన్నది ఏ న్యాయం?

అదే నిజామాబాద్ ప్రాంతంలో వేలాది స్త్రీలు ఇంటి గడపలో కూర్చుని బీడీలు చుడతారు. వారిలో మన అక్కచెల్లెళ్లు గణనీయంగా ఉన్నారు. వెయ్యి బీడీల కూలి రేటు కోసం, ప్రావిడెంట్ ఫండ్ కోసం ఎండలో బైఠాయించినప్పుడు వారి పక్కన నిలిచినవి ప్రధానంగా ఎర్రజెండా సంఘాలే. ఐదేళ్లు వారితో ఉన్నవారు ఎన్నికల నాడు కనబడకూడదని, ఐదేళ్లు కనబడనివారికే ఆ స్త్రీలు ఓటు వేయాలని చెప్పడంలో ఉన్న అన్యాయం వారికి అర్థం కాదనుకోవడం పొరపాటు.

ఇక చట్టం సంగతి. పోటీ చేయని పార్టీ పార్టీగానే మిగలదు. 2019 నుంచి ఆరేళ్లలో ఒక్క ఎన్నికలోనైనా నిలబడలేదన్న కారణంగా 334 నమోదిత పార్టీలను ఎన్నికల సంఘం 2025 ఆగస్టులో జాబితా నుంచి తొలగించింది. వాటిలో కాగితం మీది పార్టీలు అనేకం ఉండవచ్చు. నియమం మాత్రం అందరికీ ఒకటే. స్థానాలు, ఓట్ల శాతం తగ్గినందున సీపీఐ వంటి పాత పార్టీ 2023 ఏప్రిల్‌లో జాతీయ పార్టీ హోదాను కోల్పోయింది. ప్రతిసారీ తప్పుకుంటూ పోతే ఒకనాటికి తప్పుకోవడానికి సైతం ఏమీ మిగలదు.

అన్నిటికంటే ముఖ్యమైన పాఠం మునుగోడు నుంచి లభించింది. 2022 నవంబరు ఉప ఎన్నికలో బీజేపీని ఓడించడమే కర్తవ్యమని సీపీఐ, సీపీఎం రెండూ టీఆర్ఎస్‌కు మద్దతునిచ్చాయి. ఆ పార్టీ సుమారు 10 వేల ఓట్ల ఆధిక్యంతో గట్టెక్కింది. వామపక్షాలకు సంప్రదాయ బలం గల ఆ నియోజకవర్గంలో ఆ మద్దతు విలువేమిటో అందరికీ తెలుసు. ఏడాది తిరగకముందే, 2023 ఆగస్టులో, అదే పార్టీ 115 మంది అభ్యర్థుల జాబితాను ఏకపక్షంగా ప్రకటించింది. వామపక్షాలకు అందులో చోటు లేదు. ఆ తరువాత సీపీఐ కాంగ్రెస్‌తో ఒప్పందం చేసుకుని కొత్తగూడెం ఒక్కటీ తీసుకుని గెలిచింది. ఒప్పందం కుదరని సీపీఎం 19 స్థానాలలో ఒంటరిగా నిలిచి అన్నిటా ఓడింది.

ఈ కథలో మన ముఖం మనకు కనబడడం లేదా? "వీరు మనల్ని వదిలి ఎక్కడికి పోతారు?" అన్న ధీమా వామపక్షాల విషయంలో ఒక్క ఏడాది పనిచేసింది. ముస్లింల విషయంలో దశాబ్దాలుగా పనిచేస్తున్నది. వక్ఫ్ భూముల అన్యాక్రాంతం, కాగితాలకే పరిమితమైన సబ్‌ప్లాన్ హామీలు, 2017లో శాసనసభ ఆమోదించినా అమలుకు నోచుకోని 12 శాతం రిజర్వేషన్ల బిల్లు — ఇవన్నీ ఆ ధీమా ఫలితాలే. కాదనగల హక్కు లేని మద్దతుకు విలువ ఉండదు. పోటీ చేయగల శక్తి ఉండి, షరతుల మీద తప్పుకునే పార్టీతో మాట్లాడతారు. ఎప్పుడూ పోటీ చేయని పార్టీకి కబురు మాత్రమే పంపుతారు. చిన్న పార్టీకి పోటీ హక్కు లేదన్న వాదనను మనం అంగీకరిస్తే, మన ఓటుకు ఎంపిక హక్కు లేదన్న వాదననూ అంగీకరించినట్లే.

అయితే వామపక్షాలతో మనకున్న లెక్క ఏకపక్షమైనది కాదు. 1977 నుంచి 2011 దాకా పశ్చిమ బెంగాల్‌ను వామపక్ష ప్రభుత్వం పాలించింది. జనాభాలో నాలుగవ వంతు ఉన్న ముస్లింలకు అక్కడి ప్రభుత్వోద్యోగాలలో దక్కిన వాటా 2 శాతం పైచిలుకు మాత్రమేనని 2006 నాటి సచార్ కమిటీ నివేదిక చూపింది. మతకల్లోలాలు లేకుండా చూసిన ప్రభుత్వమే ఉద్యోగాల విషయంలో ఇంతగా విస్మరించింది. వర్గం గురించి మాట్లాడితే మతం పేర జరిగే వివక్ష దానంతట అదే తీరిపోతుందన్న నమ్మకానికి ఇది ఫలితం. తెలుగు రాష్ట్రాలలోనూ వామపక్షాల రాష్ట్ర కమిటీలలో, అభ్యర్థుల జాబితాలలో ముస్లిం పేర్లు ఎన్ని ఉంటున్నాయో వారే లెక్కించుకోవాలి. మఖ్దూం జయంతినాడు ముషాయిరా జరపడం మంచిదే. మఖ్దూం వంటి యువకుడు నేడు పార్టీ ఆఫీసుకు వస్తే ఏ బాధ్యత ఇస్తారన్నది అసలు ప్రశ్న.

బీహారు అనుభవం మేలునూ హెచ్చరికనూ ఒకేచోట చూపుతుంది. అక్కడ సీపీఐ (ఎంఎల్) లిబరేషన్ 2020లో మహాకూటమిలో భాగంగా 19 స్థానాలలో నిలిచి 12 గెలిచింది. కటిహార్ జిల్లా బలరాంపూర్‌లో ఆ పార్టీ నాయకుడు మహబూబ్ ఆలం 53 వేలకు పైగా ఆధిక్యంతో నెగ్గారు. ఆ ఎన్నికలలో రాష్ట్రం మొత్తంలో అదే అత్యధిక ఆధిక్యం. ఆ గెలుపు దశాబ్దాల పాటు అక్కడే ఉండి, ఓడుతూ గెలుస్తూ పనిచేసినందుకు వచ్చింది. 2025లో అదే చోట ముక్కోణపు పోటీ జరిగింది. ఆయన ఓడిపోయారు, ఎన్డీయే అభ్యర్థి స్వల్ప ఆధిక్యంతో గెలిచారు. నేలలో వేళ్లు దిగిన చిన్న పార్టీ పెద్ద పార్టీల కంటే భారీగా గెలవగలదు. పొందిక చెడితే ఆ వేళ్లు కూడా కాపాడలేవు. ఈ రెండు మాటలూ నిజమే.

కనుక మా అభిప్రాయం ఇది. చిన్న సోషలిస్టు పార్టీలు ఎన్నికలలో పోటీ చేయాలి. కానీ అన్ని చోట్లా కాదు, అన్ని విధాలుగానూ కాదు.

ఎన్నికకూ ఎన్నికకూ మధ్య ఎక్కడ పనిచేశారో అక్కడే నిలబడాలి. శాఖ లేని ఊరిలో, సంఘం లేని పేటలో జెండా చూపడానికి వేసే నామినేషన్ ప్రజలకూ పార్టీకీ ఉపయోగపడదు. 2018లో సీపీఎం బహుజన లెఫ్ట్ ఫ్రంట్ పేరుతో రాష్ట్రమంతటా విస్తృతంగా అభ్యర్థులను నిలిపి ఒక్కచోటా గెలవలేకపోయింది. అణగారిన కులాలకు టిక్కెట్లు ఇవ్వాలన్న ఆ ప్రయత్నంలోని సదుద్దేశాన్ని మేము గౌరవిస్తాము. ఆ విస్తృతి నుంచి నేర్వవలసినదీ ఉంది.

స్థానిక సంస్థల నుంచి మొదలుపెట్టాలి. తెలంగాణలో గ్రామ పంచాయతీ ఎన్నికలు పార్టీ గుర్తులు లేకుండానే జరుగుతాయి. అక్కడ మనిషిని చూసి ఓటు వేస్తారు. మున్సిపల్ వార్డులో కొన్ని వందల ఓట్లతోనే ఫలితం తేలుతుంది. నల్లా, మోరీ, రేషన్ కార్డు, ఖబరస్తాన్ ప్రహరీ గోడ తేలేది అక్కడే. వార్డు గెలవలేని పార్టీ శాసనసభకు పోటీ చేయడం మెట్లు లేకుండా మేడ ఎక్కాలనుకోవడమే.

మతతత్వ అభ్యర్థి గెలుపు అంచున ఉన్న చోట, తమకు నిర్మాణం లేని చోట, చిన్న పార్టీ తప్పుకోవాలి. అయితే రాత్రివేళ జరిగే బేరసారాలతో కాదు. ఏయే హామీల మీద తప్పుకుంటున్నదీ కరపత్రంగా అచ్చువేసి, ఆ హామీలపై పెద్ద పార్టీ అభ్యర్థి సంతకం తీసుకుని, బహిరంగ సభలో చదివి తప్పుకోవాలి. ఆ కాగితంలో బీడీ కూలి రేటు ఉండాలి, వక్ఫ్ భూముల సర్వే ఉండాలి, పేదల ఇళ్ల స్థలాల పట్టాలు ఉండాలి. పెద్ద పార్టీలు సైతం ఇదే నియమానికి కట్టుబడాలి. చిన్న పార్టీకి నిజంగా బలం ఉన్న ఒకటి రెండు చోట్ల వారు తప్పుకోవాలి. ఐక్యత ఒకవైపు నుంచే నడిచే బాట కాకూడదు.

బి-ఫారాన్ని అద్దెకు ఇచ్చే పార్టీ మాత్రం ఈ చర్చలో పాల్గొనే అర్హతను కోల్పోయింది.

పాఠక కుటుంబాలకు మా మనవి కూడా ఉంది. మన ఉలమాలలో అనేకులు ఓటును సాక్ష్యంతో పోల్చారు. యోగ్యుడని తెలిసిన వాని పక్షాన సాక్ష్యం చెప్పడం బాధ్యత అన్నారు. రెండు కీడులు తప్పనప్పుడు తక్కువ కీడును ఎంచుకోవచ్చునన్న సూత్రాన్నీ వారే చెప్పారు. ఈ రెంటిలో రెండవదానిని మాత్రమే మనకు ఏళ్ల తరబడి గుర్తుచేస్తూ వచ్చారు. మొదటిదానిని మరచిపోవలసిన అవసరం లేదు. మన నియోజకవర్గంలో ప్రమాదం నిజంగా ఉన్నదా, లేక ప్రమాదం పేరు చెప్పి మన నోరు మూయిస్తున్నారా అన్నది లెక్కలు చూసి తేల్చుకోవాలి. గత ఎన్నికలో ఎవరికి ఎన్ని ఓట్లు వచ్చాయో ఎన్నికల సంఘం ప్రకటిస్తుంది. మస్జిద్ కమిటీలో, మహిళా బృందంలో, భోజనాల వేళ ఇంట్లో ఆ అంకెలు ముందుంచుకుని మాట్లాడుకోవచ్చు. ప్రమాదం ఉన్న చోట దానిని ఆపగలిగిన వారికే ఓటు వేద్దాం. అది లేని చోట మన పక్కన నిలిచిన వారికి ఓటు వేయడం వృథా కాదు. ఆ అభ్యర్థికి మూడు వేల ఓట్లే రావచ్చు. ఆ మూడు వేల కోసం మరుసటిసారి పెద్ద పార్టీ మన గడపకు వచ్చి, హామీ ఇవ్వక తప్పని స్థితి ఏర్పడుతుంది.

గతంలో మేము రాసిన వాక్యాన్ని ఈ విధంగా సవరించుకుంటున్నాము: లౌకిక ఓట్లు చీలరాదు, చీలకుండా చూడవలసిన బాధ్యత మొదట పెద్ద పార్టీలది, ఆ తరువాతనే చిన్న పార్టీలది. మన ఓటును అడగడానికి వచ్చే ప్రతి అభ్యర్థినీ, ఆయన జెండా రంగు ఏదైనా, ఈ ఐదేళ్లూ ఎక్కడున్నారని అడిగే హక్కు మనది. రానున్న స్థానిక ఎన్నికల నుంచే ఆ ప్రశ్న అడగడం మొదలుపెడదాం.